బాప్తిస్మం తర్వాత ఎదుగుదల, ఇంట్లోవాళ్లకు విశ్వాసం గురించి చెప్పడం

బ్రదర్, వందనాలు. బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయినా ఎదిగినట్టు అనిపించడం లేదని, ఉజ్జీవ కూటాల్లో (భక్తిని మళ్లీ రగిలించే ప్రార్థన సభల్లో) కలిగిన ఆనందం సోమవారానికే చల్లారిపోతోందని రాశారు. ఇంట్లో మీరొక్కరే విశ్వాసి. అమ్మానాన్నలకు, ఆఫీసులో స్నేహితులకు ఎలా చెప్పాలో తెలియక, ముందు బాగా ఎదిగి ఆ తర్వాత చెబితే మంచిదేమో అని అడిగారు. నేను కూడా మా ఇంట్లో మొదటి విశ్వాసినే. ఒంగోలు దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్ని. అనుభవంలో నాకు తెలిసింది చెబుతాను.

ఎదిగాక చెబుదాం అని మాత్రం ఆగకండి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే నాకు కీడు) అని అపొస్తలుడైన పౌలు అన్న మాటను పలికించేవారు. వాళ్లలో చాలామంది పల్లెల్లో కూలిపని చేసుకునేవాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు. అయినా నేర్చుకునేదాకా ఆగమని ఆయన అనలేదు. మార్కు 5లో దయ్యాలు వదిలిన మనిషి వెంట వస్తానని బతిమాలితే యేసు ప్రభువు రానివ్వలేదు. నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లి నీకు జరిగిన మేలు చెప్పమని పంపాడు. ఆ మనిషి ప్రభువును ఎరిగి అప్పటికి ఒక్క పూట కూడా కాలేదు.

మా నాన్న సంగతి చెబుతాను. నేను బాప్తిస్మం తీసుకున్నాక ఆయన చాలాకాలం నాతో ముభావంగా ఉన్నారు. ఇంట్లో వాక్యం మాటెత్తే పరిస్థితి లేదు. తర్వాత ఆయనకు రెండు కళ్లకూ శుక్లాలు వచ్చి పేపర్ కనిపించకుండా పోయింది. సాయంత్రం బడి నుంచి రాగానే నేనే చదివి పెట్టేదాన్ని. హెడ్డింగులతో సరిపెడితే ఒప్పుకునేవారు కాదు, పొగాకు వేలం ధరలతో సహా చదవాలి. ఒకరోజు పేపర్ అయిపోయాక, "ఆ నీ పుస్తకంలోది కూడా ఏదన్నా చదువు, విందాం" అన్నారు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి ఉపమానం చదివాను. తన వాటా ఆస్తి తీసుకెళ్లి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తే, ఇంట్లోనే ఉండి చాకిరీ చేసిన పెద్దకొడుకు అలిగిన కథ అది. మధ్యలో మాట్లాడకుండా మొత్తం విని, "పెద్దాడు అన్నదాంట్లో తప్పేముందే? ఇన్నేళ్లు ఇంటిని పట్టుకుని గొడ్డుచాకిరీ చేశాడు. ఉన్నదంతా తగలేసి వచ్చినోడికి విందా?" అని అడిగారు.

సండే స్కూల్ పిల్లలకు ఆ కథ ఎన్నోసార్లు చెప్పినా, నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. "తెలియదు నాన్నా, చదివి చెబుతాను" అన్నాను. ఆ వారమంతా ఆ అధ్యాయమే చదివాను. మొదటి రెండు వచనాల్లోనే ఉంది: సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు), పాపులు ప్రభువు దగ్గరికి వస్తుంటే, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యులు, దాన్ని బోధించే శాస్త్రులు సణుగుతున్నారు. ప్రభువు ఉపమానం చెప్పింది ఆ సణిగేవాళ్లకు, అంటే పెద్దకొడుకులకే. ఇంకొకటి కూడా అప్పుడే నా కళ్లకు ఆనింది. చిన్నవాడి కోసం పరుగెత్తిన తండ్రి, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి కోసం కూడా ఇంట్లోంచి బయటికి వచ్చి బతిమాలాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో కథలో చెప్పలేదు. ఇదంతా నాన్నకు చెబితే, "అయినా ఆస్తి లెక్క తేలలేదుగా" అన్నారు. మర్నాడు పేపర్ అవ్వగానే, ఆ తర్వాతిది చదవమన్నారు. ఆపరేషన్ అయి చూపు వచ్చాక పేపర్ ఆయనే చదువుకుంటున్నారు. సువార్త మాత్రం ఇప్పటికీ నాతోనే చదివించుకుంటారు, నాతో వాదిస్తారు. బాప్తిస్మం తీసుకోలేదు. నేను ప్రార్థన మానలేదు.

ఎన్ని కూటాలకు వెళ్లినా రాని ఎదుగుదల నాకు ఆ సాయంత్రాల్లో వచ్చింది. నమ్మని మనిషి మనసులోంచి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివితే వాక్యం ఇంకో రకంగా లోపలికి దిగుతుంది. హెబ్రీ పత్రిక 5వ అధ్యాయంలో ఇంకా పాలు తాగే స్థితిలోనే ఉన్నారని ఎవరిని మందలించారో చూడండి. ఈపాటికి ఇతరులకు బోధించాల్సినవాళ్లు అలా ఉండిపోయారనే కదా ఆ మందలింపు.

కూటాలు వద్దనడం లేదు, నేనూ వెళ్తాను. కానీ అక్కడ కారిన కన్నీళ్లను బట్టి మీ ఎదుగుదలను లెక్కేసుకోకండి. గలతీ 5లో చెప్పిన ఆత్మ ఫలంలో దీర్ఘశాంతం, సాత్వికం, ఆశానిగ్రహం ఉన్నాయి. అవి మీలో ఉన్నాయో లేదో మీ పాస్టర్ గారి కంటే మీ అమ్మకే బాగా తెలుస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. పూలు అమ్ముతుంది, చదువు రాదు. రోజూ రాత్రి మనవడి చేత ఒక అధ్యాయం చదివించుకుని, "ఇందులో రేపు నేను చెయ్యాల్సింది ఏమన్నా ఉందా?" అని వాడినే అడుగుతుంది. మత్తయి 5 చదివినప్పుడు, అర్పణ బలిపీఠం ముందు విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మాట వచ్చింది. ప్రహరీ గోడ గొడవతో ఆమెకూ తోటికోడలికీ ఏళ్లుగా మాటల్లేవు. నెల మొదటి ఆదివారం మాకు బల్లారాధన, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. ముందురోజు సాయంత్రం వెళ్లి తోటికోడలి గుమ్మంలో నిలబడి, "గోడ సంగతి అట్టా ఉండనీ, నాతో మాట్లాడు చాలు" అంది. గోడ తగువు ఇంకా తేలలేదు. మాటలు మాత్రం కలిశాయి. ఇప్పుడు ఆ తోటికోడలు కొడుక్కి ఇంటర్వ్యూ ఉన్నా ప్రార్థన చెయ్యమని ఈమెకే చెబుతుంది. ఎదిగిన విశ్వాసి అంటే ఎలా ఉంటారని నన్నడిగితే నేను ఆమెనే చూపిస్తాను.

ఇక ఆఫీసు. మా ప్రాంతంలో సువార్త ముందుగా పాకింది ప్రసంగ వేదికల మీద నుంచి కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి 1860లలో వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విని, ఇంటికొచ్చి భార్యకు, చుట్టాలకు చెప్పాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ ఊళ్లకు వెళ్లేసరికే అక్కడ నమ్మినవాళ్లున్నారు. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించారు. ఆ సాయం నడుస్తున్నన్నాళ్లు, బాప్తిస్మం ఇమ్మని అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం ఎవరూ రాకూడదని. అది ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఆగిన నెలలే ఎక్కువ విలువైనవి.

అందుకే నా చేతిలో మార్కులున్న పిల్లలకు తరగతిలో మతం గురించి చెప్పను. చెప్పకూడదు కూడా. స్టాఫ్ రూంలో ఎవరన్నా అడిగితే దాచను. మీ రేటింగ్ మీద, మీ సిఫారసు మీద ఆధారపడ్డ జూనియర్ ఉంటే అతని విషయంలో మీరూ అలాగే ఉండండి. తోటివాళ్లు అడిగితే పేతురు చెప్పినట్టు సాత్వికంతో జవాబు చెప్పండి. వాదనలో గెలవాలని టెన్షన్ పడొద్దు. మీకు జరిగింది చెప్పండి, లేనిది కలపకండి.

అమ్మ పూజను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడొద్దు. ఏథెన్సులో విగ్రహాలు చూసి పౌలు మనసు కలత చెందింది. అయినా అక్కడివాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. ప్రసాదం తీసుకోవడానికి మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే చెయ్యి విసిరికొట్టకుండా, "అది వద్దమ్మా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అనండి. పక్కన కూర్చుని తినండి.

ఆఫీసు స్నేహితుడు చదవడానికి ఏదన్నా ఇమ్మంటే బైబిల్ మొత్తం ఒకేసారి చేతిలో పెట్టకండి. మార్కు సువార్త ఒక్కటే ఇవ్వండి, పదహారు అధ్యాయాలే. వారానికొకటి లంచ్ టైంలో కలిసి చదవొచ్చు. అతను అడిగినదానికి జవాబు తెలియకపోతే రాసుకుని వెళ్లి, మీ పాస్టర్ గారిని అడిగి, వచ్చే వారం చెప్పండి.