నాన్న సైకిళ్ల షెడ్డు, అమ్మ బంగారం

ప్రశ్న: మాది పాలకొల్లు. వయసు 34. రైసు మిల్లులో గుమాస్తాని, జీతం 24,000. నాన్నగారు అద్దె సైకిళ్ల షాపు నడిపేవారు. షెడ్డులో పాత సైకిళ్లు 11 ఉన్నాయి. చైన్‌వీళ్లతో (పెడల్ దగ్గరి పళ్ల చక్రాలతో) గోడ గడియారాలు, ఫ్రేములతో మొక్కల స్టాండ్లు చేస్తున్నాను. గడియారం 1,200కి అమ్ముతున్నాను, సామాను ఖర్చు 450. ఉద్యోగం మానేసి, అమ్మ బంగారం మీద 3 లక్షలు తెచ్చి, రాజమండ్రిలో 7,000 అద్దెకు షాపు తీసుకుందామనుకుంటున్నాను. చేయవచ్చా?

జవాబు: మీరు పంపిన ఫొటోలు చూశాను. పనితనం ఉంది, సందేహమే లేదు. కానీ మీ లెక్కలో ఒక ఖర్చు రాయలేదు. మీ గంటలు.

గడియారానికి 9 గంటలు పడుతోందని ఉత్తరం చివర్లో మీరే రాశారు. మిగిలేది 750. అంటే గంటకు 83 రూపాయలు. మిల్లు జీతాన్ని నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన చూస్తే గంటకు 115 పడుతుంది. ఇష్టమైన పని కాబట్టి ఈ తేడా మీకు తెలియడం లేదు. ఇంటి ఖర్చుకు మాత్రం తెలుస్తుంది.

ఇక అప్పు సంగతి. 3 లక్షలకు ఏడాదికి 12 శాతం అనుకున్నా నెలకు 3,000 వడ్డీ. అద్దెతో కలిపి 10,000. నెలకు 14 గడియారాలు అమ్మితే గానీ ఆ రెండూ తీరవు, అప్పటికీ మీ చేతికి మిగిలేది 500 రూపాయలే. అందుకే షాపు వద్దు. అమ్మగారి బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

ముందు గంటలు తగ్గించండి. ఒక్కొక్కటిగా కాకుండా పది చైన్‌వీళ్లకు ఒకేసారి తుప్పు వదలగొట్టి, ఒకేసారి ప్రైమర్ వేయండి. 6 గంటలకు తేగలిగితే అదే ధరకు గంటకు 125 వస్తుంది. తొమ్మిదీ పట్టేదైతే 1,500కి తక్కువ చెప్పకండి. మన ఉప్పుగాలికి, వానలకు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి పైపూత దగ్గర మాత్రం పీనాసితనం చూపకండి.

నా నమ్మకం మొక్కల స్టాండ్ల మీదే ఎక్కువ. కడియం నర్సరీలకు మొక్కలు కొనడానికే జనం వస్తారు, వాళ్లను మీరు వెతుక్కోనక్కర్లేదు. రెండు మూడు నర్సరీల్లో కమిషన్ మీద నాలుగేసి స్టాండ్లు పెట్టించండి. ఎన్ని ఇచ్చారో కాగితం మీద సంతకం తీసుకోండి. ఆర్డరు మీద చేసేవాటికి సగం అడ్వాన్సు లేకుండా ఫ్రేముకు రంపం పెట్టొద్దు.

వెల్డింగ్ మిషనుకో, గ్రైండరుకో డబ్బు కావాలంటే బ్యాంకులో ముద్ర శిశు రుణం అడగండి. 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బు కట్టకండి. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. వరసగా ఆరు నెలలు, నెలనెలా ఖర్చులు పోను 24,000 మిగిలి, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన చేరాక ఉద్యోగం మానే మాట మాట్లాడుకుందాం.

ఒక్క మనవి. ఆ 11లో నాన్నగారి రాలీ సైకిలు ఉందని, చైన్‌వీల్ మీద ఆ కంపెనీ గుర్తైన కొంగ తలలు చెక్కుచెదరలేదని రాశారు. డైనమో, బెల్లు, సీటుతో సహా అన్నీ అసలువే ఉన్న బండి విలువ అది బండిగా ఉన్నంతవరకే. దాన్ని కోయకండి. గడియారాలకు పాత ఇనుము కొట్టులో విరిగిన సైకిళ్లు బోలెడు దొరుకుతాయి.