స్కూలు రోజుల్లో టైపింగ్, కంప్యూటర్ ఎలా నేర్చుకున్నారు? అప్పటి అనుభవాలు చెప్తారా?

నా విషయంలో టైపు ముందు, కంప్యూటర్ తర్వాత. 1990ల మొదట్లో మా తెనాలిలో చాలామందికి అదే వరస. తొమ్మిదో తరగతి పరీక్షలు అవగానే నాన్న నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పడేశారు. "ఎండన పడి తిరిగే బదులు టైపులో మొదటి మెట్టు పరీక్ష లోయర్ పాసైతే రేపు ఏ గుమాస్తా ఉద్యోగానికైనా అక్కరకొస్తుంది" అని ఆయన లెక్క.

మేడ మీద ఒక పొడుగాటి గది, రెండు వరసల్లో రెమింగ్టన్లు, గోద్రెజ్‌లు. కొత్తగా చేరినవాళ్ళకి ఎప్పుడూ అన్నిటికన్నా ముసలి రెమింగ్టనే. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె. కాగితం రెండు వైపులా నిండేదాకా ఇదే పని. మాస్టారు మన చేతులు చూడక్కర్లేదు, కాగితం చూస్తే చాలు. ఎఫ్ నల్లగా పడి, ఏ వెలిసిపోయినట్టు ఉంటే ఎడమ చిటికెన వేలు బద్ధకిస్తోందని ఇట్టే పట్టేసేవారు. కసిగా కొడితే ఫుల్‌స్టాప్ కాగితానికి చిల్లు పెట్టేది. రెండు కీలు ఒకేసారి నొక్కామా, లోపలి కడ్డీలు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వదిలేవి కావు. వాటిని విడదీస్తే వేళ్ళకి రిబ్బన్ సిరా.

ఆ మెషీన్‌కి 1 అంకె లేదు. అంకెల వరస 2తోనే మొదలయ్యేది. ఒకటి కావాలంటే స్మాల్ ఎల్ కొట్టాలి. ఆశ్చర్యార్థకమైతే ఇంకా పెద్ద తతంగం: అపాస్ట్రఫీ కొట్టి, బ్యాక్‌స్పేస్‌తో వెనక్కొచ్చి, దాని కింద ఫుల్‌స్టాప్.

పరీక్ష రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి పెట్టేది. లోయర్‌కి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45. ఖాళీతో సహా ఐదు దెబ్బలు ఒక పదం కింద లెక్క. అలవాటైన మెషీన్ లేకపోతే చేతులాడవని, ఎవరి మెషీన్ వాళ్ళు రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని సెంటర్‌కి తీసుకెళ్ళాం.

పదో తరగతిలో మా స్కూల్లో కంప్యూటర్ గది తెరిచారు. చెప్పులు బయట విప్పాలి, ఏసీ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం. హార్డ్ డిస్క్ లేదు. కంప్యూటర్‌ని నడిపించే డాస్ ఉన్న ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ డిస్క్ పెట్టి ఆన్ చేసి, అది కరకరలాడటం ఆగాక దాన్ని తీసి, ప్రోగ్రాములు రాసే భాష జీడబ్ల్యూ బేసిక్ ఉన్న ఫ్లాపీ పెట్టేసరికి పీరియడ్‌లో కొంత అయిపోయేది. థియరీ పరీక్షకి మాత్రం కంప్యూటర్ తరాలు బట్టీ పట్టించారు. వాటివల్ల ఎవరికేం ఒరిగిందో నాకైతే తెలీదు.

అక్కడే ఆ ఒకటి సంగతి బయటపడింది. నాతోపాటు టైపుకొచ్చేవాడొకడు ఐదో ఎక్కం ప్రోగ్రామ్ రాశాడు. ఫర్ ఐ ఈజ్ ఈక్వల్ టు 1 టు 10 అని, అంటే 1 నుంచి 10 దాకా వరసగా చెయ్యమని. రన్ చేస్తే పది లైన్లు రావాలి కదా, ఒకే ఒక్క లైన్ వచ్చింది: ఐదు సున్నాలు సున్నా. సార్ వచ్చి చూశారు, తప్పు కనపడలేదు. చివరికి, రాసిన ప్రోగ్రామ్‌ని తెర మీద చూపించే లిస్ట్ అనే ఆజ్ఞ కొడితే దొంగ దొరికాడు. బేసిక్ మనం ఎలా కొట్టినా లిస్ట్‌లో అన్నీ పెద్ద అక్షరాలుగా చూపిస్తుంది. 1 ఉండాల్సిన చోట క్యాపిటల్ ఎల్, 10 చోట ఎల్ పక్కన సున్నా! వాడి వేలు ఒకటి కోసం ఎల్ మీదకే వెళ్ళింది. కంప్యూటరేమో వాటిని వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే పేర్లు అనుకుని, విలువ ఇవ్వలేదు కాబట్టి రెంటినీ సున్నా కింద తీసుకుంది. ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్ అంటే ఏమిటో మా క్లాసుకి పుస్తకం కన్నా ఆ ఎల్లే బాగా నేర్పింది.

ఇంకో వింత బ్యాక్‌స్పేస్. టైపు మెషీన్‌లో అది వెనక్కి తీసుకెళ్తుందంతే, కొట్టింది అలాగే ఉంటుంది. ఇక్కడ అక్షరమే మాయం. తప్పు కొడితే కాగితం మార్చిన వాళ్ళకి అదెంత హాయో చెప్పలేను. అయితే దానివల్లే ఇప్పటివాళ్ళకి శ్రద్ధగా కొట్టే అలవాటు పోయిందని నా గొణుగుడు.

రెంటిలో ఏది పనికొచ్చిందంటే నిస్సందేహంగా టైపే. బేసిక్, డాస్ ఎప్పుడో అటకెక్కాయి, వేళ్ళకి వచ్చిన విద్య మిగిలింది. విండోస్ ఎక్స్‌పీలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరిక చూసినప్పుడు కూడా అదే ఆదుకుంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి ఉంటాయి. కె కొడితే క, షిఫ్ట్‌తో ఖ, డి కొడితే పొల్లు. క్క కావాలంటే కె, డి, కె. చూడకుండా కొట్టడం వచ్చినవాళ్ళకి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి మార్చుకోవడం కన్నా ఇదే సుఖం. కాకపోతే ష కోసం షిఫ్ట్ పట్టుకుని కామా కొట్టమంటారు చూడండి, దానితో మాత్రం నాకు ఇప్పటికీ పడదు.