కుడిదా, ఎడమదా?

అమ్మాయీ,

ఆశీస్సులు. పాదం ఎముకల పేర్లు ఠక్కున చెప్పేస్తున్నాను, విడి ఎముక చేతికిచ్చి అది కుడి పాదానిదో ఎడమదో అడిగితే మాత్రం తడబడుతున్నాను అని రాశావు. దానికి నీ జ్ఞాపకశక్తిని తిట్టుకోకు. తొందర తగ్గించుకో. ముందూ వెనకా, పైనా కిందా కుదరకుండా వైపు తేలదు. ఆ రెండూ కుదిరాక ఒక్క గుర్తు చాలు.

నా దగ్గర చదివినవాళ్ళందరి చేతా ఒక పని చేయించేవాణ్ణి. చెప్పులు విప్పి, ఎముకను నీ పాదం పక్కనే నేల మీద పెట్టు. దాని ముందు భాగం నీ వేళ్ళు చూసే దిక్కుకే ఉండాలి. బొటనవేలు వైపు లోపల, చిటికెనవేలు వైపు బయట. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

చీలమండలో ఉండే టాలస్‌తో మొదలుపెట్టు. గుండ్రటి తల ముందుకు, నున్నటి గుమ్మటం పైకి. ఇప్పుడు గుమ్మటానికి రెండు పక్కలా వేలితో తడుము. ఒక పక్క నున్నటి ముఖం పెద్దది, త్రికోణం. దాని కింది కొన బయటికి పొడుచుకొస్తుంది. కాలి బయటి పక్క సన్నటి ఎముక ఫిబులా ఆనేది అక్కడే. రెండో పక్కది చిన్నది, కామా ఆకారం. పొడుచుకొచ్చిన కొన కుడికి ఉంటే అది కుడి టాలస్. తల లోపలికి ఒరిగి ఉంటుంది కాబట్టి దానితో సరిచూసుకో. ఈ ఎముకకు కండరం ఒక్కటీ అంటుకోదు, అందుకని గరుకు గుర్తుల కోసం వెతుకుతూ కూర్చోకు.

మడమ ఎముక కాల్కేనియస్ తేలిక. గరుకు మడమ వెనక్కి పెడితే లోపలి పక్క చిన్న అరుగు కనిపిస్తుంది. టాలస్‌కు ముందుండే నావిక్యులర్‌కు గిన్నెలాంటి ముఖం వెనక్కి, ఉబ్బు వీపు పైకి, గడ్డ లోపలికి. గిన్నెలో టాలస్ తలను కూర్చోబెట్టి చూడవచ్చు కానీ, పెట్టెలోని ఎముకలన్నీ ఒకే మనిషివి కాకపోవచ్చు. సరిగ్గా అతకలేదని వైపు మార్చేయకు. కాల్కేనియస్‌కు ముందుండే క్యూబాయిడ్‌కు బయటి పక్క పొట్టి, లోపలి పక్క పొడవు. అడుగున ఉన్న గాడి బయటి అంచు నుంచే మొదలవుతుంది.

నావిక్యులర్‌కు ముందుండే క్యూనిఫాంలు మూడూ చీలల్లా ఉంటాయి. మధ్యదానికీ బయటిదానికీ సన్నటి అంచు కిందికి, లోపలిదానికి మాత్రం పైకి. కొత్తలో ఇది మరచి, లోపలి క్యూనిఫాంను తలకిందులుగా పట్టుకుని, కుడిదాని మీద సిరాతో ‘ఎడమ’ అని రాసేశాను. ఏడాది తరువాత ఒక కుర్రవాడు పట్టుకున్నాడు. ఆ సిరా ఎంత గీకినా పోలేదు!

వేళ్ళకు వెనకుండే అయిదు పొడవాటి ఎముకలు మెటాటార్సల్స్. బొటనవేలి వైపు నుంచి లెక్కపెడితే వాటిలో మొదటిది మొద్దు, తల అడుగున రెండు గాళ్ళు. అయిదోదాని మొదట్లో గడ్డ బయటికి తోసుకొస్తుంది. చిక్కంతా మధ్య మూడింటితోనే. ముందున్న తల వదిలేసి, వెనకున్న మొదలు భాగం చూడు. రెండోదానికి బయటి పక్క పైన ఒకటి, కింద ఒకటి నున్నటి ముఖాలుంటాయి. మూడోదానికి ఆ జంట లోపలి పక్క ఉంటుంది, బయట ఒక్కటే. నాలుగోదానికి చెరో పక్కా ఒకటి.

వేళ్ళ ఎముకలు పద్నాలుగు. విడిగా ఒకటి చేతిలో పెట్టి వైపు చెప్పమంటే, బొటనవేలివి తప్ప నేనూ చెప్పను. వాటితో ఇప్పుడు తలనొప్పి తెచ్చుకోకు. ఈ వారం టాలస్ ఒక్కటే పట్టుకో, కళ్ళు మూసుకుని వేళ్ళతోనే వైపు చెప్పగలిగాక మళ్ళీ రాయి.

మీ మామయ్య