వాల్వు ఆంప్లిఫయర్ ధ్వని ఎందుకు ఇంపుగా తోస్తుంది?

అమలాపురంలోని ఇంట్లో పాత పాటలు వినడానికి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ చాలదా, వాల్వుది, అంటే పాత రేడియోల్లోని గాజు గొట్టాలతో పనిచేసేది, కొనాలా అని అడిగారు. కొలతల్లో ట్రాన్సిస్టరుదే పైచేయి. అయితే వాల్వు, ముఖ్యంగా సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడుల వాల్వు మొత్తం తరంగాన్ని పెంచే అమరిక), ధ్వనికి కలిపే వక్రీకరణలో రెండవ హార్మోనిక్ (మూలస్వరానికి రెట్టింపు పౌనఃపున్యం గల స్వరం) పాలు ఎక్కువ. మూలస్వరం షడ్జమమైతే అది పైస్థాయి షడ్జమమే కనుక, చెవికి దోషంగా కాక నిండుదనంగా తోస్తుంది. శక్తి చాలనప్పుడు కూడా వాల్వు తరంగ శిఖరాలను ఒక్కసారిగా నరకక మెల్లగా గుండ్రం చేస్తుంది. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (స్పీకరు వైపు అది చూపే విద్యుత్ నిరోధం) ఎక్కువ కావడంతో స్పీకరును బట్టి ధ్వని మారుతుంది. కొందరు మెచ్చే వెచ్చదనం చాలావరకు ఇదేనని నా అనుమానం. కోనసీమ మే నెల ఉక్కలో ఆ పెట్టె వెలువరించే వేడిని భరించడం వేరే సంగతి. 300బి అనే ట్రయోడ్ వాల్వు ఒక్కటి ఇచ్చేది సుమారు 8 వాట్లే కాబట్టి, 90 డెసిబెల్స్‌కు మించిన సెన్సిటివిటీ (ఒక వాట్ శక్తికి మీటరు దూరంలో వినిపించే ధ్వని స్థాయి) గల స్పీకర్లు మీకు లేకపోతే ట్రాన్సిస్టరుదే కొనండి.