పికప్ బండి మీద ఎంత లోడు వేయొచ్చు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలో ఒక కంపెనీ తన పికప్‌లను రీకాల్ చేసిందని (లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచిందని) వార్తల్లో చూశాను. ఇంజన్‌లో గానీ బ్రేకుల్లో గానీ లోపం లేదట, డోరు దగ్గర అంటించిన స్టిక్కర్‌లో బరువు అంకె తప్పు పడిందట. ఇంతమాత్రానికే రీకాల్ ఎందుకు? మన దగ్గర ఇలాంటి చట్టం ఉందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: బండికి ఎంత లోడు వేయాలో డ్రైవర్ చూసుకునేది ఆ అంకెనే. అది వంద కిలోలు ఎక్కువ చూపిస్తే, రూలు తప్పని మనిషి కూడా రోజూ ఓవర్‌లోడుతోనే తిరుగుతుంటాడు. అందుకే దాన్ని భద్రతా లోపంగా లెక్కిస్తారు. స్థూల బరువు (బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి మించకూడని బరువు) 4,536 కిలోల వరకు ఉన్న బండ్లకు డ్రైవర్ డోరు పక్క స్తంభం మీద ఒక పట్టిక ఉండాలని అమెరికా భద్రతా ప్రమాణం చెబుతోంది. టైరు సైజు, గాలి ఎంత పెట్టాలి, మనుషులూ సరుకూ కలిపి ఎంత మించకూడదు అన్నవి అందులో ఉంటాయి. బండి అమ్మేముందు అదనపు సామాన్లు బిగిస్తే, వాటి బరువు 45 కిలోలను గానీ స్థూల బరువులో ఒకటిన్నర శాతాన్ని గానీ (ఏది తక్కువైతే అది) దాటిందంటే ఆ అంకెను కూడా సరిదిద్దాలి.

తప్పు ఎక్కువగా వెరైటీల దగ్గర వస్తుంది. ఒకే ఛాసిస్ మీద సింగిల్ క్యాబిన్, డబుల్ క్యాబిన్, రెండు మూడు టైరు సైజులు వస్తాయి. ఒక రకానికి ముద్రించాల్సిన స్టిక్కర్ ఇంకో రకానికి పడితే బరువు, గాలి రెండూ తప్పుతాయి. రిపేరు మాత్రం చిన్నదే, సరైన స్టిక్కర్ ఉచితంగా ఇస్తారు.

మన మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనం ఖాళీ బరువు, టైర్ల సంఖ్య, సైజు, స్థూల బరువు, ఒక్కో యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) రిజిస్టరైన బరువు ఆర్‌సీలో రాయాలి. అవే వివరాలను యజమాని బండి మీదా రాయించాలి. రీకాల్‌కు 2019 సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది, నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బండి వయసు ఏడేళ్లలోపు ఉండాలి. ఫిర్యాదులు వాహన్ పోర్టల్‌లో తీసుకుంటారు.

ప్రశ్న: మాది రొయ్యల సాగు. బండి కొన్నప్పుడు పదమూడు క్వింటాళ్ల పాసింగ్ (వేయదగ్గ లోడు) అన్నారు. మేత బస్తా 25 కిలోలు కాబట్టి 52 బస్తాలు వేస్తున్నాం. వెనక టైర్లు తొందరగా అరిగిపోతున్నాయి. లెక్క ఎక్కడ తప్పింది?
– ఒక ఆక్వా రైతు, కోట మండలం

జవాబు: ఆర్‌సీలో లేడెన్ వెయిట్ (స్థూల బరువు) నుంచి అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బరువు) తీసేస్తే వచ్చినది మీకు చెప్పిన పదమూడు క్వింటాళ్లు. ఉదాహరణకు 2,950లో 1,650 పోతే 1,300. ఈ తీసివేతలో రెండు బరువులు జారిపోయాయి.

ఒకటి, మనుషులు. చట్టం ఖాళీ బరువును నిర్వచించినప్పుడే డ్రైవర్‌నూ సహాయకుడినీ బయట పెట్టింది. ఇద్దరికీ 140 కిలోలు వేసుకోండి. రెండోది, తర్వాత చేరిన ఇనుము. పక్కలు ఎత్తు చేయించడం, అడుగున చెకర్ ప్లేటు, పట్టా కట్టడానికి కమ్మీలు, ముందు గార్డు, టూల్ బాక్సు అన్నీ కలిస్తే వంద కిలోలు దాటడం మామూలే.

కాబట్టి ఒకసారి కాటా వేయించండి. డీజిల్ ట్యాంకు నింపి, స్టెప్నీ, జాకీ, పట్టా, తాళ్లు బండిలోనే ఉంచి, మనుషులు దిగాలి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీదకు ఎక్కించి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ తీసుకోండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు తెలుస్తుంది. కాటా ముందూ వెనకా నేల సమంగా లేకపోతే విడి యాక్సిల్ బరువు తప్పు చూపిస్తుంది, అది చూసుకోండి.

మీ బండి ఖాళీగా 1,790 కిలోలు తూగిందనుకుందాం. 2,950లో 1,790 పోతే 1,160. మనుషుల 140 కూడా పోతే 1,020. అంటే 40 బస్తాలు. మీరు వేస్తున్నవి పన్నెండు బస్తాలు, అంటే మూడు క్వింటాళ్లు ఎక్కువ. ఆ భారమంతా దాదాపు వెనక యాక్సిల్ మీదే పడుతుంది. ధాన్యం తోలేవారికీ ఇదే లెక్క. నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి ఈ బండికి ఒక పుట్టి సరిపోతుంది, పుట్టిన్నర కుదరదు. బతికున్న చేపలను నీళ్లతో తోలేటప్పుడు నీటి బరువు మరవకండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే వెయ్యి కిలోలు, చేప వేయకముందే బండి నిండిపోయినట్టే.

జరిమానా సంగతి కూడా చెప్పాలి. 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు రూ.20,000, ఆపైన అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున, ఎక్కువ సరుకు దించే ఖర్చు కూడా మీదే. ఆపి కాటా వేయమంటే ఒప్పుకోకపోతే రూ.40,000.

ప్రశ్న: నిమ్మకాయల సీజన్‌లో లోడు పెరుగుతుందని కమాన్‌కు (వెనక చక్రాల పైనుండే పట్టీల స్ప్రింగుకు) రెండు పట్టీలు అదనంగా వేయించాను. బండి వెనక కుంగడం లేదు. ఇప్పుడు ఇంకో రెండు క్వింటాళ్లు వేయొచ్చా?
– ఒక డ్రైవర్, పొదలకూరు

జవాబు: వేయకండి. పట్టీ కలిపితే బండి కుంగదు గానీ యాక్సిల్, హబ్ బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే కదా. చాలా పికప్‌లలో ఇంకో చిక్కు ఉంది, దాన్ని మెకానిక్కులు కూడా పట్టించుకోవడం లేదు. వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. లోడుకు బండి ఎంత కిందికి దిగిందో ఆ కడ్డీ కొలుస్తుంది. దిగితే వెనక బ్రేకులకు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ పంపుతుంది, దిగకపోతే బండి ఖాళీగా ఉందనుకుని తగ్గిస్తుంది. పట్టీలు వేసి బండిని ఎత్తులోనే నిలబెడితే, నిండు లోడులో కూడా వెనక బ్రేకు ఖాళీ బండికి పట్టినట్టే పడుతుంది. భారమంతా ముందు బ్రేకుల మీదకు పోతుంది, అవి వేడెక్కుతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. పదహారో నంబరు హైవే మీద ముందు లారీ హఠాత్తుగా ఆగినప్పుడు ఆ నాలుగు గజాలే ప్రాణం తీస్తాయి. పట్టీలు తీయించి, కంపెనీ వర్క్‌షాపులో ఆ వాల్వు కడ్డీ సెట్టింగు చూపించండి.

టైరు పక్క గోడ మీద 112/110 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది చక్రానికి ఒక్క టైరు ఉన్నప్పుడు, రెండోది జంట టైర్లకు. 112 అంటే ఒక టైరు 1,120 కిలోలు, 108 అంటే 1,000, 104 అంటే 900 మోస్తుంది. చవగ్గా దొరికిందని తక్కువ అంకె టైరు వేయించుకుంటే ఆర్‌సీలో పాసింగ్ ఎంతున్నా బండికి ఆ సత్తా ఉండదు. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. గాలి తక్కువై బరువు ఎక్కువైన టైరు పక్క గోడ తిరిగిన ప్రతిసారీ మడత పడి వేడెక్కుతుంది. మే నెల ఎండలో తారు రోడ్డు మీద టైరు పొర లేచిపోయేది ఇందువల్లే.

ప్రశ్న: గ్రానైట్ ముక్కలు వేసుకెళ్తున్నాం. బరువు పాసింగ్‌లోపే ఉన్నా స్టీరింగ్ తేలికై బండి ఊగుతోంది.
– చీమకుర్తి నుంచి

జవాబు: దించడానికి వీలుగా ఉంటుందని సరుకంతా వెనక డోరు దగ్గర పేరుస్తున్నట్టున్నారు. బరువు మధ్యబిందువు వెనక చక్రానికి 60 సెంటీమీటర్ల వెనక్కి పోయిందనుకోండి. చక్రాల మధ్య దూరం 3 మీటర్లయితే, 1,000 కిలోల లోడు ముందు చక్రాల మీద నుంచి 200 కిలోలు ఎత్తేసి వెనక యాక్సిల్ మీద 1,200 వేస్తుంది. అందుకే స్టీరింగ్ తేలుతోంది. రాయిని క్యాబిన్ వైపు జరిపి పేర్చి, కదలకుండా కట్టండి. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు 5 నుంచి 5.5 కిలోలు ఉంటుంది, ఎక్కించే ముందే లెక్క వేసుకోవచ్చు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో బండి కొన్నాను. దానికి రీకాల్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: రీకాల్ ఉత్తరం ఆర్‌సీలో ఉన్న పేరుకు, అడ్రసుకు వెళ్తుంది. ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే ఆ ఉత్తరం మీ చేతికి రాదు. కొన్న 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలని చట్టం కూడా చెబుతోంది, ముందు ఆ పని చూడండి. ఆర్‌సీలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరును ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో సరిపోల్చండి. ఇందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీలో కొట్టి చూడండి, లేదా ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ కంపెనీ డీలరు దగ్గర అడగండి. రీకాల్ పనికి డబ్బు ఇవ్వక్కర్లేదు.

స్టిక్కర్ మార్చే రీకాల్ అయితే కొత్తది అంటించేలోపు పాత అంకె, ఆర్‌సీ లెక్క, కాటా లెక్క మూడింటిలో ఏది తక్కువైతే దాన్నే పాటించండి. కొత్త అంకె మీ ఆర్‌సీతో కలవకపోతే డీలరు దగ్గర రాతపూర్వకంగా వివరణ తీసుకుని రవాణా శాఖ కార్యాలయంలో చూపించండి. పాత స్టిక్కర్ మీదే కొత్తది అంటించనివ్వకండి, ఎండకు రెండూ కలిసి లేచిపోతాయి. పాతది గీకించి, తుడిపించి, ఆ తర్వాతే అంటించమనండి. పని పూర్తయిందని ఛాసిస్ నంబరుతో సహా జాబ్ కార్డు మీద రాయించుకుని ఆర్‌సీతో పాటు దాచుకోండి.