మాట తెలుసు, నోరు తిరగడం లేదు

ప్రశ్న: పక్షవాతం వచ్చాక నాన్నగారికి అన్నీ అర్థమవుతున్నాయి, కాగితం మీద రాస్తున్నారు కూడా. నోరు విప్పితే మాత్రం తడబాటే. అప్రాక్సియా కావచ్చంటున్నారు. ఎలా తేలుస్తారు?

జవాబు: అప్రాక్సియా అంటే కండరాల్లో బలం ఉన్నా, మాటకు కావలసిన నోటి కదలికల్ని మెదడు వరుసగా కూర్చలేకపోవడం. అందుకే ముందు పెదవులు, నాలుక బలం చూస్తారు. కండరాలు బలహీనపడి మాట ముద్దగా వస్తే డిసార్థ్రియా. మాటే గుర్తుకు రాకపోతే అఫేసియా. ఇవి కలిసి ఉండటమూ మామూలే కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చకూడదు.

'ప-ప-ప' అని ఆపకుండా వేగంగా అనమంటారు, తర్వాత 'త', 'క'. విడివిడిగా బాగానే పలికి, 'ప-త-క' కలపగానే ఆగిపోయి నాలుకతో వెతుక్కుంటుంటే అప్రాక్సియా అన్న అనుమానం బలపడుతుంది. ఒక కదలిక నుంచి ఇంకోదానికి మారే క్రమాన్ని మెదడు సరిగా కూర్చలేకపోతోందన్నమాట. ఆపైన 'పని, పనివాడు, పనివాళ్లందరూ' అంటూ పొడవు పెంచుతారు.

ఒకే మాటను ఐదుసార్లు అనిపించి తప్పు మారుతోందా అని చూడటం పాత పద్ధతి. దాన్నొక్కదాన్నే నమ్మలేం. అక్షరాలు సాగడం, ముక్కలుగా విడిపోవడం, ధ్వని వంకరపోవడం గట్టి గుర్తులు. వీడియో తీయమని అడగండి, చెవికి అందని వెతుకులాట పెదవుల దగ్గర కనిపిస్తుంది.

కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఉంటే పరీక్షకు తప్పక పెట్టుకుని రమ్మనండి.