ఎకోలో 46, తర్వాత 37: ఏది నమ్మాలి?

మీ అమ్మగారికి మొదటి ఎకో (గుండె అల్ట్రాసౌండ్)లో ఊపిరితిత్తుల ధమని ప్రెషర్ 46, రెండు నెలలకు మరోచోట 37 వచ్చిందని రాశారు. టెన్షన్ పడకండి, ఇంత తేడా మామూలే.

ఎకో ఆ ప్రెషర్‌ను నేరుగా కొలవదు. గుండె కుడివైపు కవాటం నుంచి వెనక్కి లీకయ్యే రక్తం వేగాన్ని చూసి లెక్క కడుతుంది: వేగం వర్గం ఇంటూ 4, దానికి కుడి కర్ణిక (గుండె కుడివైపు పై గది) ప్రెషర్ కలుపుతారు. ఆ కర్ణిక అంకె కూడా గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర వెడల్పు చూసి వేసే అంచనాయే, 3 లేదా 8 లేదా 15. వేగం సెకనుకు 3.1 మీటర్లు, కర్ణిక 8 అనుకుంటే 46. వేగం 2.9, కర్ణిక 3 అనుకుంటే 37. ఛాతీపై పెట్టే ప్రోబ్ కోణం కాస్త మారినా, లీక్ గీత మసకగా ఉన్నా ఇంత తేడా వచ్చేస్తుంది.

అందుకే రెండు రిపోర్టుల్లోనూ 'టీఆర్ వెలాసిటీ' (పైన చెప్పిన లీక్ వేగం) పోల్చండి. కుడి జఠరిక (కుడివైపు కింది గది) పెద్దదైందా, బాగా పనిచేస్తోందా అన్నది అంతకన్నా ముఖ్యం. ఆయాసం, కాళ్ల వాపు ఉంటే మాత్రం 37 అని ఊరుకోకుండా కార్డియాలజిస్టుకు చూపించండి. కచ్చితంగా తేల్చేది సన్నటి గొట్టం గుండెలోకి పంపి ప్రెషర్‌ను నేరుగా కొలిచే కుడి గుండె క్యాథటర్ పరీక్షే. అది అందరికీ అవసరం పడదు.